గడ్డి పరిచిన వీధి

చక్రాల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. బండి మాత్రం నడుస్తూనే ఉంది.

లెటీషియా తెర పక్కకు తీసి చూసింది. వీధి రాళ్ళ మీద జానెడు మందాన ఎండుగడ్డి పరిచి ఉంది. అంటే ఈ వరసలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. లండన్ గొప్పింటివాళ్ళకు జబ్బు చేస్తే బళ్ళ మోత రోగి చెవిన పడకుండా గుమ్మం ముందు బండెడు గడ్డి పోయిస్తారు. అదే వెనకసందులో బట్టలుతికే మనిషి నొప్పులు పడుతుంటే బీరు పీపాల బళ్ళు ఆమె తల పక్కనుంచే దడదడమని పోతుంటాయి. ఆ ఊళ్ళో జబ్బులకు కూడా హోదా ఉంది.

'పాపం, పక్కింటి ముసలి అడ్మిరల్ గారు. ఈ ఏప్రిల్ దాటేలా లేరు' అనుకుంది. రేపు మనిషిని పంపి కనుక్కోవాలి అనుకుంటుండగానే బండి అడ్మిరల్ ఇల్లు దాటింది. గడ్డి పల్చబడలేదు సరికదా, ఇంకా దట్టమైంది. బండి ఆమె గుమ్మం ముందే ఆగింది. తలుపు తట్టే ఇత్తడి కడియానికి తెల్లటి మేకతోలు చేతితొడుగు చుట్టి, రిబ్బనుతో ముడివేసి ఉంది.

ఆ తొడుగు కనబడిన తలుపును ఎవరూ తట్టరు. చూడవచ్చినవాళ్ళు బండి దిగరు, నౌకరు చేత తమ పేరు అచ్చువేసిన కార్డు లోపలికి పంపి జాలిగా తలాడించి వెళ్ళిపోతారు. అది మర్యాద. పద్ధెనిమిదో ఏట కారోబీ ప్రభువును పెళ్ళాడి ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి, పధ్నాలుగేళ్ళుగా లెటీషియా ఇలాంటి మర్యాదలన్నీ పొల్లు పోకుండా పాటించింది. పాటించనివాళ్ళను వెక్కిరించింది కూడా.

బంట్రోతు తలుపు తీశాడు. ఆ ఇంట్లో మొదటి బంట్రోతు ఎవడైనా సరే వాడి పేరు జాన్. కన్నతల్లి పెట్టిన పేరు ఏదో ఎవరూ అడగరు.

"ఎవరికి ఒంట్లో బాగాలేదు, జాన్?"

జాన్ ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ చెప్పాడు. "అమ్మగారికండి."

"ఏ అమ్మగారికి?"

"తమరికేనండి."

నవ్వబోయింది. వాడి మొహం చూసి ఆగిపోయింది. వాడి కళ్ళలో ఉన్నది భయం. యజమానురాలంటే ఉండే భయం కాదు, కట్టు తెంపుకున్న గుర్రం అంటే ఉండే భయం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఏడేళ్ళ కూతురు కసాండ్రా ప్రయాణపు కోటు తొడుక్కుని, పంతులమ్మ చెయ్యి పట్టుకుని దిగుతోంది. లెటీషియా వంగి చేతులు చాచింది. పిల్ల రెండు మెట్ల పైనే ఆగిపోయింది.

"ముద్దు పెట్టొద్దన్నారమ్మా నాన్నగారు. నీకు పెద్ద జబ్బట కదా! నన్ను బాత్ ఊళ్ళో మేనత్త ఇంటికి పంపిస్తున్నారు."

"నాకేం జబ్బూ లేదు తల్లీ."

"అలాగే అంటావని కూడా చెప్పారు," అంది పిల్ల మర్యాదగా. మర్యాద పిల్లకు తల్లే నేర్పింది. పంతులమ్మ తల వంచుకుని, పిల్లను గోడవైపు తిప్పుకుని తల్లి పక్కనుంచి దాటించేసింది. బయట గడ్డి మీద బండి వెళ్ళిపోయిన చప్పుడు కూడా లెటీషియాకు వినిపించలేదు.

ఇదంతా ఒక్క మాట తెచ్చిన చేటు.

మూడు వారాల కిందట ఈ ఇంట్లోనే విందు జరిగింది. బల్ల చుట్టూ పద్ధెనిమిది మంది. మిసెస్ డెలవాల్ అనే వితంతువు లెటీషియాకు ఎదురుగా కూర్చుంది. కారోబీ ప్రభువు రెండేళ్ళుగా ఆవిడ ఇంటికి పోతున్నాడన్నది ఊరందరికీ తెలిసిన రహస్యం. భార్యకు ఒక్కదానికే తెలియకూడదు. తెలిసినా తెలియనట్టు ఉండటమే గొప్పింటి ఇల్లాలి లక్షణం. లెటీషియా అప్పటిదాకా అలాగే ఉంది. కానీ ఆ రోజు ఆవిడ చెవులకు వేలాడుతున్నవి లెటీషియా తల్లి లోలాకులు. మెరుగు పెట్టించడానికి ఇచ్చానని మొగుడు చెప్పినవి. చేపల పళ్ళెం తిరుగుతుండగా లెటీషియా బల్ల మీదుగా నవ్వుతూ పలకరించింది.

"ఆ లోలాకులు మీకెంత బాగా నప్పాయో మిసెస్ డెలవాల్! వాటితోపాటు ఒక మనిషి కూడా వస్తాడు, ముందే చెబుతున్నా. గురక పెడతాడు."

బల్లంతా గొల్లున నవ్వింది. ఒక డ్యూకుగారికి వైను పొలమారి మొహం కందగడ్డ అయింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది కారోబీ ప్రభువే.

మర్నాటికి ఆ మాట క్లబ్బులన్నిటికీ పాకింది. వారం తిరక్కుండా బొమ్మలు అచ్చువేసే దుకాణం కిటికీలో చెవులకు లోలాకులు పెట్టుకుని గురకపెడుతున్న ప్రభువు బొమ్మ వెలిసింది. అప్పటికి ఆయనకు వియన్నా రాయబారం ఇస్తారని గట్టిగా అనుకుంటున్నారు. నలుగురూ నవ్వే మనిషిని రాయబారిగా ఎవరు పంపుతారు? ఆయన భార్యను పల్లెత్తు మాట అనలేదు. రోజూ పొద్దున్న వేడి చాక్లెట్ తాగేటప్పుడు ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. బయటికి వెళ్ళి మాత్రం మనిషి మనిషికీ చెప్పుకుంటూ వచ్చాడు, "నా భార్యకు నిద్రపట్టడం లేదు, తనలో తనే మాట్లాడుకుంటోంది, ఏం చెయ్యాలో తోచడం లేదు" అని. కుక్కను చంపదలచినవాడు ముందు దానికి పిచ్చెక్కిందని చాటిస్తాడు. చమత్కారం చేసినావిడ పిచ్చిదైపోతే అది చమత్కారం కాదు, రోగలక్షణం. అప్పుడు నవ్వినవాళ్ళే సిగ్గుపడతారు, రాయబారం నిలబడుతుంది.

లెటీషియా లోపలికి వెళ్ళేసరికి ఆయన చిన్న హాల్లో కూర్చుని ఉన్నాడు. పక్కన నల్లకోటు, గుండ్రటి వేళ్ళ పెద్దమనిషి.

"రా లెటీషియా. డాక్టర్ స్ట్రోడ్ గారు నిన్ను చూడటానికి వచ్చారు. అలసిపోయావు, కూర్చో."

"నేను అలసిపోలేదు. వీధిలో గడ్డి ఎందుకు పోయించారు?"

"నీకు ప్రశాంతంగా ఉంటుందని."

డాక్టరు చిన్న పుస్తకం తెరిచాడు. "నిద్ర పడుతోందా అమ్మా?"

"మీతో మాట్లాడుతుంటే ఇప్పుడు ముంచుకొస్తోంది."

డాక్టరు నవ్వలేదు. రాసుకున్నాడు. అలా రాసుకుంటున్న కలాన్ని చూశాక గానీ లెటీషియాకు తన పరిస్థితి అర్థం కాలేదు. ఈ ఊళ్ళో పధ్నాలుగేళ్ళు ఆమెను నిలబెట్టింది నోరు. ఆ నోరే ఇప్పుడు ఆమె మీద సాక్ష్యం చెబుతోంది.

"పార్కులో ఒంటరిగా నడుస్తారట?"

"నడుస్తాను. కాళ్ళున్నాయి కదా," అనబోయి నాలుక కరుచుకుంది. "అప్పుడప్పుడు," అంది.

"మిమ్మల్ని అందరూ మోసం చేస్తున్నారని అనిపిస్తుందా?"

మొగుడి వైపు చూసింది. ఆయన గోళ్ళు చూసుకుంటున్నాడు. "అందరూ కాదు," అంది.

డాక్టరు అదీ రాసుకున్నాడు.

"డాక్టరు గారూ, నేను బాగానే ఉన్నాను. మిమ్మల్ని బతిమాలి చెబుతున్నాను."

"బాగుందమ్మా." పుస్తకం మూశాడు. "ఈ జబ్బున్నవాళ్ళు ముందు చెప్పే మాట అదే. భయపడకండి. మా ఇల్లు పల్లెటూళ్ళో, చుట్టూ ఎత్తయిన గోడలు, మంచి గాలి. గొప్ప గొప్ప కుటుంబాలవాళ్ళే ఉన్నారు. ఒక వైకౌంట్ గారి భార్య తొమ్మిదేళ్ళుగా మా దగ్గరే ఉంది. చక్కగా పేకాడుతుంది."

లెటీషియా మెల్లగా లేచి, పాదం తడబడకుండా గది దాటింది. తలుపు దాటాక గోడ పట్టుకుంది.

పై గదిలో పరిచారిక పినాక్ పెట్టె సర్దుతోంది. పదకొండేళ్ళుగా లెటీషియా జుట్టు దువ్విన మనిషి. పెట్టెలో రాత్రి గౌన్లు, ఉన్ని మేజోళ్ళు ఉన్నాయి. పట్టు గౌను లేదు, విసనకర్ర లేదు. ఉత్తరాలు రాసుకునే పెట్టె అసలే లేదు.

"ఎప్పుడు, పినాక్?"

"రేపు పొద్దున్న ఏడింటికండి. డాక్టరు గారి బండి వస్తదట. కిందికెళ్ళి అడక్కండమ్మా, నేను చెప్పానని తెలిస్తే నన్నూ గెంటేస్తారు."

"నాకు పిచ్చా, పినాక్?"

"పిచ్చయితే తమరు ఆ రోజు అంత మాట అనగలిగేవారా అమ్మా?" ముక్కు చీదుకుంది. "వంటింట్లో మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడు తల్చుకుంటే ఏడుపొస్తంది."

మొగుడి మాట, ఒక వైద్యుడి సంతకం. ఆడదాన్ని లోపల పెట్టి తాళం వేయడానికి అంతకుమించి ఏదీ అక్కర్లేదు. లెటీషియా అన్నగారు నార్తంబర్లాండ్‌లో ఉన్నాడు, నాలుగు రోజుల దారి. ఆయన వస్తే ఈ ఆట సాగదు. కానీ ఆయనకు కబురు వెళ్ళాలంటే ఆమె ఈ రోజే, ఈ వెలుతురు ఉండగానే, నలుగురి ఎదుటా నిలకడగా ఈ ఇల్లు దాటి ఎవరో ఒకరి గుమ్మం చేరాలి. ఒకసారి ఆ ఎత్తయిన గోడల వెనక్కి వెళ్ళిందా, ఆమె ఏం చెప్పినా పిచ్చిమాటే.

కిటికీ దగ్గర నిలబడింది. నాలుగు దాటింది, ఊరంతా పలకరింపులకు తిరిగే వేళ. బళ్ళు ఒకటి తర్వాత ఒకటి గడ్డి మీదికి వస్తున్నాయి, చప్పుడు లేకుండా ఆగుతున్నాయి, నౌకర్లు దిగి కార్డులు ఇస్తున్నారు, చప్పుడు లేకుండా పోతున్నాయి. మొన్న తన బల్ల దగ్గర గొల్లున నవ్విన మొహాలే అన్నీ. మార్కీ బిరుదున్న ఒక ప్రభువు భార్య తలెత్తింది, లెటీషియాను చూసింది. లెటీషియా చెయ్యి ఊపింది. ఆవిడ చటుక్కున తల దించేసుకుంది. జబ్బు మనిషిని ఇంటి కిటికీలో చూడటం సభ్యత కాదు. లెటీషియా ఇంకాస్త గట్టిగా ఊపింది. బండి కదిలాక ఆవిడ పక్కనున్న కూతురితో ఏదో చెబుతూ నుదుటికి వేలు ఆనించుకుంది.

లెటీషియా చెయ్యి దించేసింది. ఊపితే పిచ్చి. అరిస్తే పిచ్చి. గాజు పగలగొడితే చెప్పనే అక్కర్లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ కిటికీలో తెలిసింది.

అయిదవుతుండగా పచ్చరంగు బండి ఒకటి వచ్చి ఆగింది. నౌకరు కార్డు ఇచ్చి వెనక్కి వెళ్ళాడు. బండి మాత్రం కదల్లేదు. లేడీ హెస్టర్ పెన్హాలో అనే ఆవిడ బండి అది. హెస్టర్ లెటీషియాకు చిన్ననాటి స్నేహితురాలు, లావుపాటి మనిషి, గలగలా మాట్లాడేది, ప్రతిదానికీ ఏడ్చేది. అద్దంలోంచి ఆమె ముక్కు తుడుచుకోవడం పైకి కనబడుతూనే ఉంది.

లెటీషియా ఒక్క ఉదుటున తలుపు వైపు తిరిగింది. తిరిగి, ఆగింది. పరుగెత్తకూడదు. పరుగెత్తే స్త్రీని ఎవరైనా పట్టుకోవచ్చు. నింపాదిగా నడిచే కౌంటెస్‌ను, అంటే తనలాంటి ప్రభువు భార్యను, ఇంగ్లండులో ఏ బంట్రోతూ ముట్టుకోలేడు. వాడి వెన్నులో అంత మర్యాద నూరిపోశారు. జుట్టు సవరించుకుంది. చర్చికి వెళ్ళేటప్పటిలా మెట్లు ఒక్కొక్కటే దిగింది. చిన్న హాలు తలుపు వెనక మొగుడి గొంతు, గ్లాసుల చప్పుడు వినిపించాయి. సంతకం అయిపోయింది కాబోలు, వైను పోసుకుంటున్నారు.

"తలుపు తియ్యి, జాన్."

"ప్రభువు గారు తియ్యొద్దని..."

"తలుపు తియ్యి, జాన్," అంది అదే గొంతుతో, రెండోసారి టీ అడిగినట్టు. వాడి చెయ్యి వాడికి తెలియకుండానే గడియ మీదికి పోయింది.

ఎండ మొహాన కొట్టింది. పాదాల కింద గడ్డి మెత్తగా నలిగింది. హెస్టర్ అద్దం దించింది.

"లెట్టీ! నువ్వేమిటే ఇలా? మంచం మీదున్నావన్నారు కదే!"

"లేను. మాట్లాడకుండా విను. ఏడవకు. నాకు ఏ జబ్బూ లేదు. రేపు పొద్దున్న ఏడింటికి నన్ను పిచ్చివాళ్ళ ఇంటికి తీసుకుపోతున్నారు. ఆ లోలాకుల మాటకి."

"ఆ మాటకా!" హెస్టర్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మా ఆయన అప్పుడే అన్నాడు, కారోబీ ఊరికే అంతసేపు నవ్వడే అని. పిచ్చి నీకు కాదు, వాడికి. ఎక్కు బండి!"

నౌకరు మెట్టు దించాడు. బండి తలుపు తెరుచుకుంది. నీలం రంగు దిండ్లు, హెస్టర్ కుక్కపిల్ల, సగం తిన్న బాదం బిళ్ళలు. రెండడుగుల దూరం. లెటీషియా పావడా అంచు పట్టుకుని పాదం ఎత్తింది.

"అయ్యో, టోపీ ఏదే?" అంది హెస్టర్.

లెటీషియా చెయ్యి తలమీదికి వెళ్ళింది. ఇంట్లో పెట్టుకునే పల్చటి లేసు కుచ్చు తప్ప తలమీద ఏమీ లేదు. చేతులకు తొడుగులు లేవు. కాళ్ళకు పట్టు చెప్పులు.

"ఇక్కణ్ణుంచి మా ఇంటికి పార్కు మీదుగానే పోవాలి," అంది హెస్టర్ గొంతు తగ్గించి. "అయిదింటికి ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. నిన్ను ఇలా వట్టితలతో చూశారంటే..."

ఆ మాట పూర్తి చెయ్యనక్కర్లేదు. లెటీషియాకు ఆ దృశ్యం కళ్ళముందు ఆడింది. వరస కట్టిన బళ్ళు, విసనకర్రల వెనక కళ్ళు, 'చూశారా, టోపీ కూడా లేకుండా పరుగెత్తింది పాపం' అనే గుసగుస. డాక్టరు సంతకం కింద తను కూడా సంతకం పెట్టినట్టే. అన్నగారు వచ్చి ఎంత అరిచినా, చూసినవాళ్ళు నాలుగొందల మంది ఉంటారు. ఆమెను ఇప్పుడు కాపాడేది ఒక్కటే, ఎక్కడా వంక పెట్టడానికి లేని నడవడి. బుద్ధి ఆమెకు అలా చెప్పింది. పధ్నాలుగేళ్ళు ఎప్పుడూ తప్పు చెప్పని బుద్ధి.

"ఉంటావుగా?" అంది.

"ఛీ, ఏం మాటే అది? గంటైనా ఉంటాను. పరుగెత్తి తెచ్చుకో. ఆ గడ్డిపువ్వుల టోపీ పెట్టుకో, అది నీకు ముద్దొస్తుంది."

లెటీషియా వెనక్కి తిరిగింది. జాన్ ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు, ఆశ్చర్యంగా చూశాడు. ఆమె వాడికి చిన్నగా తల ఊపి లోపలికి నడిచింది. హాలు తలుపు వెనక ఇంకా గ్లాసుల చప్పుడే. గుండె తేలికపడింది. పినాక్ ఆమెను చూసి "ఎందుకొచ్చారమ్మా?" అని లబలబలాడింది.

"టోపీ. గోధుమరంగుది, గడ్డిపువ్వులది. తొందరగా."

పినాక్ టోపీ పెట్టి గడ్డం కింద రిబ్బను ముడివేసింది. ముడి వంకరగా వచ్చింది. లెటీషియా అద్దంలో చూసి విప్పించి మళ్ళీ కట్టించింది. తొడుగులు తెచ్చింది, అవి గులాబీరంగువి. "అవి కావు, గోధుమరంగువి," అంది. పినాక్ ఏడుస్తూనే వెతికింది. ఒక్కో తొడుగుకు ఆరు గుండీలు. అన్నీ పెట్టుకుంది. అద్దంలో నిలబడింది మచ్చలేని స్త్రీ, పిచ్చిదని ఎవరూ అనలేని స్త్రీ. ఆమెకు చాలా రోజుల తర్వాత ధైర్యం వచ్చింది.

మెట్లు దిగింది, ఒక్కొక్కటే.

జాన్ లేడు. కాపలావాడు కూర్చునే తోలు కుర్చీ తలుపుకు అడ్డంగా జరిగి ఉంది. దాంట్లో కారోబీ ప్రభువు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తాళంచెవి చేతిలో ఉంది. డాక్టరు పక్కనే గోడకు ఆనుకుని ఉన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని, మర్యాదగా.

"హెస్టర్ వెళ్ళిపోయింది," అన్నాడు ప్రభువు. "జాన్ వచ్చి చెబితే నేనే వెళ్ళి ఆమెతో చెప్పాను, నువ్వు పైకి వెళ్ళాక ఎందుకు వెళ్ళావో మరిచిపోయి నిద్రపోయావని. పాపం, చాలా ఏడ్చింది. మంచిగా కనబడిందే, మంచిగానే మాట్లాడిందే అని మళ్ళీ మళ్ళీ అంది. అలాంటి ఘడియలు వస్తూ పోతూ ఉంటాయని డాక్టరు గారు చెప్పారు."

లెటీషియా గొంతులో కేక లేచింది. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి లేచింది. దాన్ని ఎలా బయటికి వదలాలో ఆమెకు తెలియలేదు. డాక్టరు ఆమె నోటివైపే చూస్తున్నాడు, కలం పట్టుకునే వేళ్ళు కదుపుతూ. ఆమె పెదవులు బిగించింది.

ప్రభువు లేచి ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, గుర్రాన్ని చూసినట్టు. రిబ్బను ముడిని వేలితో తాకాడు.

"ఈ టోపీ నీకు చాలా బాగుంది. రేపు ఇదే పెట్టుకో."

లెటీషియా మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. పావడా అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. ఎవరైనా మెచ్చుకుంటే ఎంత వంగాలో అంతే వంగింది, ఒక అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"చాలా సంతోషమండీ," అంది.